వెనక సీటు డ్యూటీ

మా బావకి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏం చెప్పినా ఆ మాటే తిరిగి చెప్పి, చివర్న "రైట్" అనేవాడు. "అన్నం వడ్డించీసినాను బావా" అంటే "వడ్డించీసినావు, రైట్" అని పీట మీద కూర్చునేవాడు. "ఉప్పు అయిపోనాది" అంటే "అయిపోనాది, రైట్" అనేవాడు గానీ ఉప్పు తెచ్చేవాడు కాదు. కొత్తగా కాపరానికి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని మూతి ముడుచుకుని కూర్చున్నాను. తర్వాత తెలిసింది, అది ఇంజన్ మీద పద్ధతి అని. దూరాన స్తంభం మీద సిగ్నల్ చెయ్యి కనబడగానే, అది ఎత్తి ఉందో దిగి ఉందో ఫైర్‌మన్ కేకెయ్యాలి. డ్రైవర్ కూడా తన కళ్ళతో చూసుకుని అదే మాట తిరిగి కేకెయ్యాలి. చెయ్యి అడ్డంగా ఎత్తి ఉంటే ఆగడం, దిగితే పోవడం. రైల్వే అంటే ఇంతే, మిగిలినదంతా బొగ్గూ మసీ అని నా అభిప్రాయం.

బావ పేరు అమ్మన్న. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అమ్మ చెప్పింది. రాయకూడదని చెప్పలేదు కాబట్టి ఒకసారి రాశాను, ఇక్కడితో సరి. నాకు మేనత్త కొడుకు. గూడ్సు బండి డ్రైవర్. మా మావయ్య విజయనగరం పక్కనుంచి పట్టాలు వేసే పనికి ఇక్కడికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. బావ బొగ్గు తోసే దగ్గర మొదలుపెట్టి డ్రైవర్ దాకా ఎక్కాడు. ఇద్దరు ఆడపిల్లలకీ పెళ్ళిళ్ళు చేసి పంపేశాం. క్వార్టర్లో మిగిలింది ఆయనా, నేనూ, మా తగువులూ.

యుద్ధం ముగిసిన మరుసటేడు, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఇంజన్ షెడ్డులో ఒక కబురు పుట్టింది. దీపావళి వెళ్ళాక వయసు పైబడ్డ డ్రైవర్లందరికీ రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్ష చేస్తారట. తప్పినవాడిని ఇంజన్ దింపేసి నీళ్ళ పంపు దగ్గర కూర్చోబెడతారట.

ఆ కబురు విన్న రోజు నుంచి మా బావ కాలు కాలిన పిల్లి అయిపోయాడు. వీధి గుమ్మం దగ్గర్నుంచి పెరటి కుళాయి దాకా, కుళాయి దగ్గర్నుంచి గుమ్మం దాకా తిరుగుడు. టీ ఇస్తే సగం తాగి గ్లాసు ఎక్కడో పెట్టేవాడు, అది నా కాలికి తగిలి ఒలికేది. కూర్చుంటే మోకాలు ఆడేది. నేను ఏమీ అడగకుండానే "నా కళ్ళకేటి? ఫస్ట్ క్లాస్!" అనేవాడు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పేవాడి దగ్గర ఏదో ఉన్నట్టే. అది నాకు తెలుసు. తెలిసి ఏం చెయ్యను? ఆ మోకాలి ఆడుడు చూసి చూసి నాకూ నిలకడ పోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండేదాన్ని.

ఒకరోజు పొద్దున్న డ్యూటీ నుంచి వచ్చి, మసి మొహం కూడా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి నన్ను పేరుతో పిలిచి, "అచ్చీ, నాను మోటార్ సైకిల్ కొంతన్నాను" అన్నాడు.

"ఏటి కొంతన్నావు?"

"మోటార్ సైకిల్. తార్‌బహార్ పేటలో సేఠ్ దొడ్డి నిండా ఉన్నాయట, మిలిటరీవోళ్ళు ఒగ్గీసినవి."

"ఈ వయసులో నీకు మోటార్ సైకిల్ ఏల బావా? ఎండ గాని తగిలిందేటి?"

ఆయన తల దించుకుని చేతిలోని టోపీని పిండుతూ నిలబడ్డాడు. "రేపొద్దున్న ఇంజన్ దింపీసినా, నా కింద నాదీ అని ఒక ఇంజన్ ఉండాల. పంపు కాడ కూకోబెట్టీస్తే నాను సచ్చిపోతానే" అన్నాడు.

వెటకారానికి నాలుక మీద మాట సిద్ధంగానే ఉంది. కానీ ఆ మసి మొహం మీద కళ్ళు రెండూ అంత దీనంగా కనబడితే ఏం అనగలను? మింగేశాను. అయితే ఒక్క షరతు పెట్టాను, బేరానికి నేనూ వస్తానని. ఒక్కణ్ణీ పంపితే దొడ్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది తోలుకొస్తాడని నాకు తెలుసు.

తోడుకి శంకరరావుని పిలిచాం. మా కాలనీ కుర్రాడే. యుద్ధంలో బర్మా సరిహద్దు దాకా మోటార్ సైకిల్ మీద ఉత్తరాలు మోసి, ఒక చెవి కాస్త మందగించి తిరిగొచ్చాడు. బళ్ళ విషయం ఎత్తితే చాలు, ఆ మంద చెవి కూడా పనిచేసేది.

సేఠ్ దొడ్లో మడ్డి రంగు బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అనుకున్నట్టే మా బావ తిన్నగా వెళ్ళి అన్నిటికన్నా పెద్దదాని టాంకీ మీద చెయ్యి వేశాడు. గుర్రం కొనేవాడిలా నిమిరాడు. చుట్టూ తిరిగి, "దీనికి ఫైర్‌మన్ ఎక్కడ నిలబడతాడు?" అని అడిగాడు. హాస్యానికి కాదు, నిజంగానే.

శంకరరావు పకపకా నవ్వి, "ఫైర్‌మన్ ఉండడు డ్రైవర్ సాబ్. దీని మీద మీరొక్కరే" అన్నాడు.

మా బావ టాంకీ మీంచి చెయ్యి తీశాడు. తర్వాత "ఒక్కణ్ణే, రైట్" అన్నాడు.

"అచ్ఛా, సూడండి" అన్నాడు శంకరరావు. "కొత్తవోడు బండి కొన్నప్పుడు ఇంజన్ జోరు సూడకూడదు. ముందు కూకుంటే రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనాల. ఆనితే సరిపోదు, బండిని నేల మీద పడుకోబెట్టి ఒక్కరే లేపగలగాల. లేపలేనిది కొనకూడదు."

"అదేల పడతాది? ఇన్నేళ్ళకి నా ఇంజన్ ఎప్పుడైనా పడిందేటి?"

"మీ ఇంజన్‌కి పట్టాలున్నాయి సాబ్."

బావకి పౌరుషం వచ్చింది. పెద్ద బండిని పక్కకి వాల్చాడు. వాల్చడం బాగానే వాల్చాడు. లేపబోయేసరికి నడుం పట్టేసి, మొహం ఎర్రబడి, ఊపిరి బుస కొట్టింది. బండి అంగుళం కదిలితే ఒట్టు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట అని నేను దొడ్డి గుమ్మంలోంచే అన్నాను. సేఠ్ మనుషులకి తెలుగు రాదు గానీ నా గొంతులో అర్థం వాళ్ళకీ తెలిసిపోయింది, నవ్వారు. చివరికి మూలనున్న చిన్న బండి దగ్గరికి తీసుకెళ్ళాడు శంకరరావు. రంగు పెచ్చులు లేచిపోయి, సీటు తోలు చీలి ఉంది. దాని కింద నేల చూసి, నూనె కారిన మరక లేదని సంతోషించాడు. గొలుసు వేలితో ఎత్తి చూశాడు, టైర్లు గోరుతో గిల్లాడు. కిక్కు కొడితే దగ్గి, మళ్ళీ దగ్గి, పలికింది. మా బావ వంగి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. వారాల తర్వాత ఆ మోకాలు ఆడకుండా ఉండడం అప్పుడే చూశాను. దాంతో ఆ బండి నాకు కూడా నచ్చేసింది.

తర్వాత వేషం. ఒక నులక మంచం మీద కోట్లూ బూట్లూ గుట్టగా పోసి ఉన్నాయి. నెత్తికి గట్టి టోపీ కావాలన్నాడు శంకరరావు. పడ్డప్పుడు మనిషి ముందు చేతులే ఆనిస్తాడు కాబట్టి తోలు చేతితొడుగులు కావాలన్నాడు. కింద పొగ గొట్టం పిక్క కాల్చేస్తుంది కాబట్టి చీలమండ దాటిన బూట్లు కావాలన్నాడు. గాలికీ గీరుడుకీ మందపాటి కోటు. అన్నీ తొడుక్కుని మా బావ ఎండలో నిలబడితే ఆవిరి మీద పెట్టిన కుడుములా ఉన్నాడు. "మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె" అన్నాను. గట్టి టోపీ మాత్రం వద్దన్నాడు, ఇంజన్ మీది గుడ్డ టోపీ చాలన్నాడు. "టోపీ లేకపోతే బండీ లేదు" అన్నాను. పెట్టుకున్నాడు.

చివరికి కళ్ళజోళ్ళు మిగిలాయి. దుమ్ము పడకుండా చెవుల వెనక్కి పట్టీతో బిగించుకునేవి. రెండే ఉన్నాయి. ఒకటి అద్దం తళతళలాడుతోంది. రెండోది ఇసకలో పొర్లి పొర్లి గీతలు పడి, గుడ్డితెల్లగా తయారైంది. రెండూ నా పైట కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చాను. ఒకటి పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. తీసి రెండోది పెట్టుకున్నాడు. గీతలు పడ్డదే ఉంచేసుకున్నాడు.

"అదేటి బావా, మంచిది ఒగ్గీసి?"

"రెండూ ఒకటేలే. ఇది బిగువుగా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. మొండితనానికి హద్దుండాలి. కానీ పెట్టుకునేది ఆయన, నాకేం అని ఊరుకున్నాను. 

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక మైదానంలో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కాలనీ సగం గోడలెక్కి కూర్చుంది. పెట్రోలుకి కూపన్ల కాలం కాబట్టి కాసేపే ఆట, కానీ చూసినవాళ్ళకి కడుపు నిండేది. బావ తిన్నగా పోయినంతసేపు రాజులా పోయేవాడు. ఎదర ఏదైనా వచ్చిందా, అంతే. హారన్ నొక్కి, బ్రేకేసి, అది తప్పుకునేదాకా చూసేవాడు. హేండిల్ మాత్రం తిప్పేవాడు కాదు. తప్పుకోకపోతే వెళ్ళి తగిలేవాడు. అలా ఒక గేదెకి తగిలాడు. ఇన్‌స్టిట్యూట్ కంచెకి తగిలాడు. చాకలి ఆరేసిన దుప్పట్లలోకి దూరి, దుప్పటితో సహా అవతలికి వచ్చాడు.

కాలనీ అంతా ఒకటే మాట. "పట్టాల మనిషి! ఇంజన్‌కి హేండిల్ ఉంటాదేటి తిప్పడానికి? ఎదర ఏదున్నా కూత కొట్టి బ్రేకెయ్యడమే తెల్సు!" ఈ హాస్యం షెడ్డు దాకా పోయింది, అక్కణ్ణించి స్టేషన్ దాకా పోయింది. శంకరరావు కూడా అదేనన్నాడు, అలవాటు వదలడానికి టైము పడుతుందన్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది మా బావే. దుప్పటి తల మీంచి తీస్తూ, "నిజమేరా, నా సేతులకి తిప్పడం తెలీదు" అనేవాడు. నేనూ నవ్వాను. ఇంజన్ డ్రైవర్ పెళ్ళాన్ని, నాకు తెలియదా ఆ సంగతి అని నలుగురికీ వివరించి మరీ నవ్వాను.

నవ్వనిది పైడిరాజు ఒక్కడే. వాడు బావకి ఫైర్‌మన్, ముగ్గురు పిల్లల తండ్రి, ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే ఇంజన్ మీద పనిచేస్తున్నారు. డ్యూటీ లేనప్పుడు మైదానానికి వచ్చి, అందరిలా గోడెక్కకుండా, బండి వెంట పక్కన పరిగెత్తేవాడు. "ఉస్తాద్, గేదె!" అనేవాడు. "ఉస్తాద్, రాయి!" అనేవాడు. పైడిరాజు వచ్చిన రోజున బావ దేనికీ తగిలేవాడు కాదు. వాడి రాశి మంచిదనుకున్నాను.

ఒకరోజు వాడు ఇంటికి వచ్చాడు. బావ లేడు. టీ ఇస్తే రెండు గుక్కలు తాగి, "ఒదినమ్మా, ఉస్తాద్‌ని ఆ బండెక్కనీకు" అన్నాడు.

"ఏలరా?"

"ఊరికే."

"ఊరికే ఏటి? సెప్పు."

"ఏటీ నేదు ఒదినమ్మా" అని గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఈ మగాళ్ళందరికీ సగం టీ జబ్బు పట్టుకుంది. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. ఏదో కాలికింద ముల్లులా గుచ్చుకుంటోంది, వంగి చూస్తే కనబడదు.

దసరా వెళ్ళింది. ఒక పొద్దున్న బావ కోటు వేసుకుని, "బిల్హా ఎల్దాం పద, మీ సెల్లిని సూసొద్దాం. సాయంత్రం డ్యూటీ ఉంది, పిలవడానికి కాల్‌మాన్ వచ్చీలోగా ఒచ్చీయొచ్చు" అన్నాడు. మా చెల్లి అప్పయమ్మ మొగుడు బిల్హాలో రైలు గేటు కాస్తాడు. పైడిరాజు మాట గుర్తొచ్చింది. కానీ బావ ఒక్కడే వెళ్తే నేను ఇంట్లో ఇంకా గిలగిల్లాడిపోతాను. వెనక క్యారియర్ మీద గోనె మడత వేసుకుని, చీర ముడిచి, పక్కకి తిరిగి కూర్చున్నాను.

అబద్ధం చెప్పను, నాకు బాగుంది. ఊరు దాటాక రోడ్డు తిన్నగా పోతుంది. ఇటూ అటూ వరి పొట్ట మీద ఉంది. గాలి మొహానికి కొడుతుంటే, ఇన్నాళ్ళూ ఈయన ఇంజన్ మీద తిన్నది ఈ గాలే కదా, ఇది పోతుందని కదా ఇంత ఆరాటం అనిపించింది. మొదటిసారి ఆయన భయం నాకు అర్థమై, వీపు మీద చెయ్యి వేశాను.

బిల్హా దగ్గరపడుతుండగా ఎదురుగా ఎడ్లబళ్ళు వచ్చాయి. బావ మామూలుగానే ఆపేసి, హారన్ కొడుతూ కూర్చున్నాడు. బళ్ళు తప్పుకుని పోయాయి గానీ అవి లేపిన దుమ్ము నా కంట్లో పడింది. నీళ్ళు కారుతున్నాయి.

"ఇదిగో, ఇవి పెట్టుకో" అని బావ తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు.

కన్ను నలుపుకుని, పెట్టుకున్నాను. లోకం మీద గంజి పోసినట్టయింది. రోడ్డు లేదు, వరి లేదు, అంతా తెల్లగా అలికేసినట్టుంది.

"ఓలమ్మ! వీటితో ఎలాగ నడిపినావు బావా? ఏటీ అవుపడ్డం నేదు."

"వాటికేటైంది? పెట్టుకున్నా తీసీసినా ఒక్కలాగే ఉంటాది" అన్నాడు.

మామూలుగా అన్నాడు. రోజూ అనే మాటలాగే అన్నాడు.

కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాను. గేదె, కంచె, దుప్పట్లు అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. పక్కన పరిగెత్తే పైడిరాజు కనబడ్డాడు. కాదు, కాకూడదు అనుకున్నాను. నాకు ఖాయంగా తెలియాలి. అక్కడ రైలు పట్టాలు రోడ్డుకి దగ్గరగా వస్తాయి. బిల్హా బయటి సిగ్నల్ ఎండలో స్పష్టంగా నిలబడి ఉంది. ఎర్రటి చెయ్యి అడ్డంగా చాపుకుని, ఎత్తి ఉంది.

"బావా, సిగ్నల్ దిగింది" అన్నాను.

ఆయన అటు తిరిగాడు. ఇంజన్ కిటికీలోంచి చాపినట్టు మెడ చాపాడు.

"దిగింది, రైట్" అన్నాడు.

బండి ఇంజన్ ఇంకా దడదడమంటూనే ఉంది. నేను కిందికి దిగి, దాన్ని ఎలా ఆపాలో తెలియక ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయనే ఆపాడు.

"దిగనేదు బావా. ఎత్తి ఉంది. నాను అబద్ధం సెప్పినాను."

బావ ఇంకోసారి సిగ్నల్ వైపు చూశాడు. తర్వాత బండి స్టాండ్ వేసి, రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాడు. చేతితొడుగులు ఒక్కో వేలూ లాగి తీశాడు.

"ఎన్నాళ్ళ బట్టి?" అన్నాను.

"సలికాలం బట్టి. పొగమంచనుకున్నాను. మంచు పోయింది, ఇది పోనేదు. ఆ కొలిమి మంట సూసి సూసి ఇలాగైపోయాయి కావాల. పైడిరాజు కేకేస్తాడు, నాను తిరిగి సెప్తాను. ఆడు ఒక్కనాడూ తప్పు సెప్పనేదే."

"నాను సెప్పినాను గదా, ఇప్పుడే! నువ్వు రైట్ అనీసినావు గదా! నాకు పడినట్టు ఆడి కంట్లో ఒకనాడు దుమ్ము పడితేనో?"

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఆడదాని నోట మాట సరిగా రాదు. రాయి తీసుకుని పొలంలోకి విసిరాను. మళ్ళీ ఇంకోటి విసిరాను. ఈయన్ని కాదు కొట్టాలనుంది, నవ్విన నన్ను కూడా కాదు. ఎవర్నని తెలియలేదు.

"మరి ఈ బండేల కొన్నావు? కళ్ళు కనబడనోడివి!"

బావ చేతితొడుగుల్ని నలుపుతూ చెప్పాడు. "తెల్సుకుందామనే. పట్టాల మీద తెలీదే. బండి దానంతటది పోద్ది, ఆడు కేకేస్తాడు. ఒక్కణ్ణీ రోడ్డెక్కితే తెలిసిపోద్ది, ఇంకా పరవానేదా, లేకపోతే అయిపోనాదా అని. గేదెని గుద్దిననాడే తెలిసిపోనాది. అందరూ పట్టాల అలవాటన్నారు. నువ్వూ అన్నావు. నాకూ అదే బాగుండి, అదే అనుకున్నాను."

నేను ఆయన పక్కన కూలబడ్డాను. ఒక పాడు ఆలోచన వచ్చింది, దాచను. పరీక్ష ఎలాగూ వస్తోంది. అందాకా పైడిరాజు ఉన్నాడు, వాడి కళ్ళు మంచివి. ఈ కొద్దిరోజులైనా ఇంజన్ మీద ఉండనిస్తే ఏం? పంపు దగ్గర కూర్చోబెడితే చచ్చిపోతానన్నాడు. ఆ మాట నా చెవుల్లోనే ఉంది. ఊరుకుందామా అని నోటి చివరిదాకా వచ్చింది.

అప్పుడు సిగ్నల్ నిజంగానే దిగింది. బిలాస్‌పూర్ వైపు నుంచి రాయపూర్ పోయే పాసింజరు వచ్చింది. బావ మొహం పైకెత్తి విన్నాడు. "సన్యాసిరావు బండి. కూత అలాగ సాగదీస్తాడు" అన్నాడు. నేను చూశాను. పెట్టెల నిండా జనం. కిటికీలో ఒక పిల్ల చెరుకుముక్క నములుతోంది. తలుపు దగ్గర ఒక ముసలాయన మూట మీద కునికిపాట్లు పడుతున్నాడు. సిగ్నల్ ఏదో, దాన్ని ఎవరు చూస్తున్నారో వాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు. ఎందుకు పట్టాలి?

బండి పోయింది. బావ చాలాసేపు ఆ చప్పుడు వెళ్ళిన వైపే తల తిప్పి కూర్చున్నాడు.

"నిండా ఉన్నారేటి?" అన్నాడు.

"నిండా ఉన్నారు" అన్నాను.

ఆయన లేచాడు. "షెడ్డుకి ఎల్దాం. సాయంత్రం కాల్‌మాన్ వచ్చీలోగా ఫోర్‌మన్‌కి నానే సెప్పీస్తాను. పరీక్షదాకా ఏల" అన్నాడు.

నాకు ఆయన్ని గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది. రోడ్డు మీద అలాంటి పనులు చెయ్యకూడదు కాబట్టి కోటు మీద దుమ్ము దులిపాను. దులపనవసరం లేని చోట కూడా దులిపాను.

"ఈ బండి అప్పయమ్మ కాడ ఒగ్గీసి రైల్లో ఎల్దాం" అన్నాను.

"అటేపు రైలు సాయంత్రం దాకా నేదు. అప్పటికి కాల్ ఒచ్చీసి ఉంటాది. నువ్వు సెప్పు, నాను నడుపుతాను."

"నాకేటి తెల్సు సెప్పడానికి!"

"అవుపడ్డది సెప్పు. ఉన్నది ఉన్నట్టు సెప్పు, అంతే" అని గట్టి టోపీ తీసి నా నెత్తి మీద పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. చీర కట్టుకున్న దాని నెత్తి మీద మిలిటరీ టోపీ ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. కళ్ళజోడు మాత్రం నేను ఆయన కోటు జేబులోకి తోసేశాను, ఇద్దరిలో ఎవరికీ అది అక్కర్లేదు.

ఈసారి పక్కకి తిరిగి కూర్చోలేదు. ఎవరేమనుకుంటే నాకేం అని రెండు కాళ్ళూ రెండు పక్కలా వేసుకుని, ఆయన భుజం మీంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. మనిషి నడిచేటంత నెమ్మదిగా పోయాం. నా గుండె మాత్రం మెయిలు బండిలా కొట్టుకుంటోంది.

"గొయ్యి. కుడిపక్క."

"గొయ్యి, కుడిపక్క, రైట్."

"ఎడ్లబండి వస్తంది. ఎడమకి."

"ఎడ్లబండి, ఎడమకి, రైట్."

హేండిల్ ఎడమకి తిరిగింది. మెత్తగా, తడబాటు లేకుండా తిరిగింది. ఎడ్లబండి మమ్మల్ని రాసుకోకుండా పోయింది. పట్టాల మనిషికి చెయ్యి తిప్పడం రాదని కాలనీ అంతా నవ్వింది. ఎటు తిప్పాలో చెప్పేవాళ్ళుంటే వచ్చు. ఆయన భుజం వెనక నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు, కళ్ళు మాత్రం గట్టిగా ఆర్పి, మళ్ళీ రోడ్డు చూశాను. ఇప్పుడు నా కంట్లో ఏదీ అడ్డు పడడానికి వీల్లేదు.

"మేకలు."

"మేకలు, రైట్."

"ఆగాల బావా, దాటనీ."

"దాటనీ, రైట్."

అలా గొంతు పోయేదాకా అరుస్తూ ఊళ్ళోకి వచ్చాం. తార్‌బహార్‌లో దుకాణాల్లోంచి జనం బయటికి వచ్చి చూశారు. టోపీ పెట్టుకున్న ఆడది వెనక కూర్చుని మేకల్నీ గోతుల్నీ కేకేస్తుంటే ఎవరు చూడరు? కొందరు నవ్వారు. నవ్వుకోండి, నేనూ నిన్నటిదాకా మీతోనే నవ్వాను అనుకున్నాను.

షెడ్డు గేటు దగ్గర పైడిరాజు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూశాడు. నా కేక విన్నాడు, దాని వెనక బావ మాట విన్నాడు. తలకి చుట్టుకున్న గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. వాణ్ణి తిట్టాలని దారంతా కూడబెట్టుకున్న తిట్లు నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

షెడ్డులోకి పోయే పట్టాల పక్కన ఒక సిగ్నల్ ఉంది. బావ బండి ఆపి, అలవాటు ప్రకారం అటు మెడ చాపాడు. ఏమీ అడగలేదు. నేను చెప్పేదాకా ఆగాడు.

దిగింది అంటే ఎంత బాగుండును! ఒక్కసారి అంటే ఆయన మొహం ఎలా విప్పారుతుందో నాకు తెలుసు.

"ఎత్తి ఉంది బావా" అన్నాను.

"ఎత్తి ఉంది" అన్నాడు.

ఇంజన్ కట్టేశాడు. శంకరరావు నేర్పినట్టు రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనించి, కాసేపు అలాగే కూర్చున్నాడు. వెనక నేను ఎదురుచూస్తున్నాను. అప్పుడు, నాకు మాత్రమే వినబడేటంత చిన్నగా, "రైట్" అన్నాడు.